నులివెచ్చని మనిషి

"నులివెచ్చ" అన్న మాట వింటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది. చర్చిల ఎవరన్న ఆ మాటెత్తితె లేచి బయటికి పోదామనిపిస్తది. పోను. పోతె అందరు నా దిక్కే చూస్తరు. పండ్లు పటపట కొరుక్కుంట చాప మీదనే కూసుంట.

మాది కోస్గికి జర దూరంల ఉన్న పల్లె. వానలు పడితె కంది, జొన్న. పడకుంటె బతుకుదెరువుకు ఊళ్లు పట్టుకొని పోవుడే. ఊరి చివర మా వాడ, వాడ మధ్యల మా చర్చి. గుంట భూమి లేని మా తాతలు కూలికి పోయొచ్చి, సాయంత్రాలు మట్టి మోసి కట్టుకున్నది. ఇప్పుడు దానికి రేకుల కప్పు, నీలం రంగు, మైకు వచ్చినయ్. చర్చి ఎనక సమాధుల జాగ ఉన్నది. మా అమ్మ మొదటి కొడుకు ఆడనే ఉన్నడు. నాకంటె ముందు పుట్టి, నడక రాకముందే జొరమొచ్చి పోయినోడు. ఆని మీద చిన్న రాయి ఒకటి పెట్టిండ్రు. దాని మీద ఏం రాసి లేదు.

మా అమ్మ జన్మల మమ్ముల అడిగింది ఒక్కటే. "నేను పోయిననాడు నన్ను ఆని పక్కకు పెట్టుండ్రి. పసోడు, ఒక్కడే పండుకొని ఉన్నడు." చీర అడగలే, సొమ్ము అడగలే. పండుగకు ఏం కావాలె అని అడిగినా గీ మాటనే, జొరమొచ్చినా గీ మాటనే.

గని ఆ జాగకు ఒక కాయిదా, ఒక కట్టుబాటు ఉన్నది. బల్లల ఉన్నోళ్లకే ఆడ జాగ ఇస్తరు. బల్ల అంటె ప్రభువు బల్ల. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు గద, గది. తప్పు చేసినోళ్లను పెద్దలు బల్లకు దూరం పెడతరు. అప్పుడు రొట్టె పళ్లెం వాళ్ల ముందర ఆగకుండ పక్కోళ్లకు పోతది. అట్ల దూరంగ ఉన్నప్పుడే పాణం పోతె శవాన్ని వాగు ఒడ్డుకు తీస్కపోవాలె. మా వాడల ఒకాయనను గట్లనే తీస్కపోయిండ్రు. ఆయన పెండ్లాం ఇప్పటికీ వాగు దిక్కు చూడదు.

మా అమ్మ పని పసిపిల్లలకు నీళ్లు పోసుడు. కాన్పులు దవాఖానలకు పోయినా ఆమెకు పని తక్కువ కాలే. ఇంటికి తెచ్చినంక పిల్లకు నీళ్లెవరు పోయాలె? కొత్త తల్లికి చేతులు వణుకుతయ్, అత్తకు నడుము లేవదు. ఇగ అమ్మకు కబురొచ్చేది. ఆమె పోయి పీట మీద కూసోని, చీర మోకాళ్ల మీదికి మలుసుకొని, కాళ్లు బార్లా చాపేది. ఆ కాళ్ల మీద పిల్లను బోర్లేసి నూనె రుద్ది, నలుగు పెట్టి, మెల్లమెల్లగ నీళ్లు పోసేది. ఎంత మొండి పోరడైనా ఆమె కాళ్ల మీద పడితె ఏడుపు బందు. నీళ్ల వేడి మోచేతితోని చూసేది. "అరచేతులు పనికి మొద్దుబారినయ్ బిడ్డా, మోచెయ్యి మాత్రం అబద్ధమాడదు" అనేది.

ఊర్లె గొర్లు కాసేటోళ్లు, ఎవుసం చేసేటోళ్లు, అందరి ఇండ్లకు పోయేది. మాకు చాయ్ వేరే గ్లాసుల పోసే ఇండ్లు. దూపైతుందంటె ఎత్తునుంచి దోసిట్ల నీళ్లు పోసే ఇండ్లు. గని ఇరవై ఒకటో దినం పురుడు చేస్తరు గద, ఆనాడు పిల్లను తొట్టెల్ల ఏసి పేరు పెడతరు. ఆ దినం నీళ్లు పోసిన మనిషిని పీట మీద కూసోపెట్టాలె. ఇంటి పెద్దమనిషి కింద కూసోని ఆమె కాళ్లకు పసుపు రాయాలె, బొట్టు పెట్టాలె, ఒడిల రవికెబట్ట, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టాలె. అట్ల చెయ్యకుంటె పిల్లకు మంచిది కాదని వాళ్ల నమ్మకం. ఏడాదంత మా నీడ పడితె జరిగే మనుషులు ఆ ఒక్కనాడు వంగి మా అమ్మ కాళ్లు పట్టుకునేటోళ్లు.

మా చర్చిల పసుపు, బొట్టు కూడదు. అందుకని పురుటి ఇంటి నుంచి వచ్చేటప్పుడు అమ్మ బోరు కాడ ఆగేది. కొంగుతోని బొట్టు తుడుసుకునేది. ఇటుక ముక్క తీస్కొని కాళ్లు రుద్దేది. పైన పసుపు పోయేది గని మడిమెల పగుళ్లల్ల ఉన్నది పోకపోయేది. ఆదివారం చెప్పులు బయట ఇడిసి, చీర అంచు కిందికి గుంజి, కాళ్లు ఎనక్కు మలుసుకొని కూసునేది. పక్కన నేను కూసునేదాన్ని. చూసేదాన్ని గని ఏం అనకపోయేదాన్ని.

మా చర్చి పాత పాస్టరయ్యగారు ముసలాయన. చూసీ చూడనట్టు ఉండేటోడు. తెలంగాణ వచ్చిన కొత్తల ఆయన పోయి కొత్త అయ్యగారు వచ్చిండు. చిన్న వయసు, పెద్ద గొంతు. చెడ్డోడైతె కాదు. మా నాయినకు దమ్ము లేస్తుంటె తన బండి మీద కూసోపెట్టుకొని దవాఖానకు ఉరికిండు. అందుకే ఆయన మీద కడుపు నిండ కోపం పెట్టుకోనీకి కూడ నాకు వీలు కాలే. గదొక నరకం.

ఒక ఆదివారం ఆయన బైబిల్ల ఆఖరు పుస్తకం తీసిండు. లవొదికయ అనే ఊర్లె ఒక సంఘం ఉండెనట. అది చల్లగ లేదు, వేడిగ లేదు, నులివెచ్చగ ఉన్నదని ప్రభువుకు కోపమొచ్చి, నోట్లకెల్లి ఉమ్మేస్త అన్నడట. "వేడి అంటె నిండు భక్తి. చల్లన అంటె దేవుణ్ణి ఎరుగకపోవుడు. నులివెచ్చ అంటె చర్చిల ఒక కాలు, బయట ఒక కాలు" అని అయ్యగారు మైకుల గట్టిగ చెప్పిండు. చెప్పుకుంట మా చాప దిక్కు చూసిండు. ఇగ వాడ వాడంత మా అమ్మ కాళ్ల దిక్కు చూసింది. అమ్మ చీర అంచు ఇంకా కిందికి గుంజుకున్నది. అప్పటికి రెండు దినాల కిందనే ఒక ఇంట్ల పురుడు అయ్యింది.

అదే సాయంత్రం మా చిన్నాయిన ఇంటికొచ్చిండు. నాయినకు వరుసకు తమ్ముడు, సంఘంల పెద్ద. చాయ్ కూడ తాగలే.

"వదినె, వచ్చే నెల నుంచి నీకు బల్ల బందు. ఆ పని మానుకుంటనని సంఘం ముందర చెప్పు, మళ్ల ఇస్తం" అన్నడు.

నాయిన గోడకు ఒరిగి దగ్గుకుంట కూసున్నడు. ఆయన ఎన్నడు ఎవరికి ఎదురు చెప్పిన మనిషి కాదు. అమ్మ ఒక్క మాటే అడిగింది. "మరి నా పిల్లగాని పక్కన జాగ?"

"గది నీ చేతులనే ఉన్నది గద వదినె" అన్నడు చిన్నాయిన.

ఆయన పోయినంక నేను అమ్మ మీద లేచిన. "నీళ్లు పోసి రా. పసుపు మాత్రం ఒద్దని చెప్పు. సంఘంల కూడ ఎవరేం అనరు. అంతల పోతది గద ఈ లొల్లి!"

"పురుటినాడు పసుపు ఒద్దంటె పిల్లకు కీడు కోరిందంటరే. మళ్ల గడప తొక్కనిస్తరా?" అన్నది. పొయ్యి ముందర కూసోని కట్టె ఎగదోసింది. తర్వాత నా ముఖం చూడకుండనే అన్నది. "ఆ ఒక్కనాడే గద బిడ్డా ఆళ్ల చేతులు నా కాళ్ల మీద పడేది. దాన్ని నా నోటితోని నేను ఎట్ల ఒద్దంట?"

నేను బట్టలు మడత పెట్టుకుంట కూసున్న. అమ్మనే మళ్ల అడిగింది.

"నులివెచ్చ అంటె ఏందే?"

"గోరువెచ్చన."

"నేను పోసేటియి గోరువెచ్చటి నీళ్లే గద. సలసల కాగేటియి పోస్తె పోరగాడు బతుకుతడా?"

"అమ్మా, గది నీళ్ల ముచ్చట కాదు."

"మరి దేని ముచ్చట?"

నాకు తెల్వదు. తెల్వదన్న సంగతి నన్ను పొడుసుడు మొదలువెట్టింది. నేను కోస్గిల ఒక ప్రైవేటు బడిల పంతులమ్మను, కిరాయి ఇంట్ల ఉంట, ఆదివారం ఆదివారం ఊరికొచ్చి చర్చిల పిల్లలకు పాఠాలు చెప్త. ఇన్ని చదివి ఒక్క మాటకు అర్థం చెప్పలేకపోతి. ఆ ఎండకాలం పాఠాలు చెప్పేటోళ్లకు మహబూబ్‌నగర్ల శిక్షణ పెట్టిండ్రు. ఆడ గ్రీకు చదువుకున్న ముసలి సారు ఒకాయన ఉన్నడని తెలిసి, మొదటి దినమే పోయి పట్టుకున్న.

ఆయన ఓపికగ చెప్పిండు. "మూలంల ఆ మాట ఖ్లియరోస్ అమ్మా. కొత్త నిబంధన మొత్తంల ఆ ఒక్క చోటనే వస్తది. నువ్వు దాన్ని మనిషి గుండెల వేడి అనుకోకు, నీళ్ల వేడి అనుకో. ఆ ఊరికి పక్కన ఒక ఊర్లె వేడినీళ్ల ఊటలుండె. నొప్పులకు జనం పోయి స్నానం చేసేటోళ్లు. ఇంకొక ఊర్లె చల్లటి నీళ్లుండె, తాగితె పాణం లేచొచ్చేది. లవొదికయకు సొంత నీళ్లు లేవు. దూరం నుంచి రాతి గొట్టాలల్ల వచ్చేసరికి గోరువెచ్చన అయి, నోట్ల పోసుకుంటె వాంతికి వచ్చేదట. వేడీ మంచిదే, చల్లనా మంచిదే. చల్లన అంటె దేవుణ్ణి ఎరుగకపోవుడే అయితె, చల్లగనన్న ఉంటె బాగుండు అని దేవుడెందుకు అంటడు చెప్పు?"

"అయితె ఇక్కడ ఒక కాలు, అక్కడ ఒక కాలు అని అర్థం కాదు గద సార్?"

"నేనైతె కాదంట. అందరు ఒప్పుకోరు" అన్నడాయన.

అందరు ఒప్పుకోరు అన్న మాట నేను చెవిల ఎక్కించుకోలే. మధ్యాహ్నం దూపై మేమున్న హాస్టల్ ట్యాంకు నల్ల తిప్పి నోట్ల పోసుకున్న. ఎండకు కాగిన నీళ్లు. తూ అని ఉమ్మేసి నాకు నేనే నవ్వుకున్న. గిదే గద ఖ్లియరోస్! గీ మాటకూ మా అమ్మకూ ఏం సంబంధం? తిరుగు బస్సుల కిటికీ పక్కన కూసోని ఊరొచ్చేదాక ఆ మాటనే పలుక్కుంట వచ్చిన. తాళం చెవి దొరికినంత సంతోషం. అమ్మను ఇడిపిస్త అనుకున్న.

వచ్చిన ఆదివారం ఆరాధన అయినంక, సంఘం లేవకముందు, నేను లేచి మాట్లాడుత అన్న. అయ్యగారు మైకు ఇచ్చిండు. సారు చెప్పిందంత చెప్పిన. వేడినీళ్ల ఊర్లు, చల్లనీళ్ల ఊర్లు, రాతి గొట్టాలు, అన్ని చెప్పిన. అయ్యగారు నిజంగనే మనసు పెట్టి విన్నడు. "గీ సంగతి నేను కూడ ఎక్కడనో విన్న" అని తలూపిండు. నాకు పాణం లేచొచ్చింది.

చిన్నాయిన మెల్లగ లేచిండు. ఆయన కోపం చెయ్యడు. గొంతు లేపడు. గదే ఆయనతోని కష్టం.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నువ్వన్నట్టే అనుకుందాం. వేడి నీళ్లు పనికొస్తయ్. చల్లటి నీళ్లు పనికొస్తయ్. నులివెచ్చటియి దేనికి పనికిరావు. గంతేనా?"

"గంతే చిన్నాయినా."

"మరి మీ అమ్మ గీ సంఘానికి దేనికి పనికొస్తున్నది? గది చెప్పు."

నా చేతిల మైకు కుయ్యిమన్నది. చదువుకొని తెచ్చిన తాళం చెవితోని నేనే ఇంకొక తాళం ఏసినట్టయ్యింది. ఒక్కసారి గుస్సా వచ్చి అరిసిన. "ఈడ కూసున్న పోరగాండ్లకు నీళ్లెవరు పోసిండ్రు? నీ మనుమనికి ఎవరు పోసిండ్రు?"

"పోసింది. దేవుడు దీవించాలె. నీళ్లు తప్పని ఎవరన్నరు?" అన్నడాయన. "మన ఇండ్లల్ల పురుడుకు ప్రార్థన చేసి అన్నం పెట్టి పంపుతం. ఆమెకు అక్కడి పసుపే ఎందుకు కావాలె?"

"మీ ఇంట్ల ఒక్కరన్న ఎన్నడన్న వంగి ఆమె కాళ్లు ముట్టిండ్రా? ఆళ్లు ముడతరు. గందుకు కావాలె!"

మైకు ఇంకా నా చేతిలనే ఉన్నది. ఆ మాట చర్చి దాటి వాడంత ఇనపడ్డది. పొయ్యి ముందర అమ్మ నాకొక్కదానికే చెప్పుకున్న మాట. అమ్మ తల వంచుకొని ఉన్నది, చెవులు ఎర్రగైనయ్. అనకుంటె బాగుండునని చుట్టాలు ఇప్పటికీ అంటరు. నేనైతె అనుకోను. నిజం గదే, ఇంకేం చెప్పాలె?

అమ్మ చాప మీద చెయ్యి ఊని లేచింది. "ఇగ సాలు బిడ్డా" అన్నది. అయ్యగారి దిక్కు తిరిగి, "మానుకుంట అయ్యగారు. రేపటికెల్లి ఆ పురుటి ఇండ్లకు పోను" అన్నది. పెద్దలు ప్రార్థన చేసిండ్రు. వచ్చే నెల పళ్లెం మా అమ్మ ముందర ఆగింది. రొట్టె ముక్క తీస్కొని నోట్ల ఏసుకున్నది. ఎంతసేపు నమిలిందో, అంత చిన్న ముక్కను.

మాట మీద నిలబడ్డది. గొర్లోళ్ల ఇంటి అవ్వ ఒకామె ఉండె. ఆమె ఇంట్ల నలుగురు మనుమలకు మా అమ్మనే నీళ్లు పోసింది. అయిదో పిల్ల పుట్టినప్పుడు ఆమె వాడ మొదట్ల నిలబడి కేకేసింది. "ఏమాయెనే? పిల్ల గుక్క పట్టి ఏడుస్తాంది, జర రారాదు!" అమ్మ గడపల నుంచే అన్నది, "మోకాళ్లు పడిపోయినయ్ అవ్వా." ఆ మోకాళ్లతోని పొద్దున్నే రెండు బిందెల నీళ్లు తెచ్చిందని ఆమెకు తెల్వదు.

నన్ను కలవరపెట్టింది ఇంకొకటి. నేను ఊరికి పోయినప్పుడల్ల చూస్తుంటి. పొద్దున లేవంగనే అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది. కాగినంక బకెట్ల పోసి, చల్లటియి కలిపి, మోచెయ్యి ముంచి చూసేది. మంచిగున్నయ్ అని తలూపేది. తర్వాత ఎటు పోవాలె? పీట మీద కూసోని, కాళ్లు చాపి, ఆ నీళ్లు తన కాళ్ల మీదనే పోసుకునేది. మెల్లమెల్లగ, కాళ్ల మీద పిల్ల ఉన్నట్టే. "ఏందమ్మా గిది?" అంటె "కాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా" అనేది. బల్ల దొరికింది, జాగ దొరికింది, ఆమెకు మాత్రం పొద్దు పోకపోయేది. ఏండ్లకేండ్లు గట్లనే గడిసినయ్.

రెండేండ్ల కింద చలికాలంల అమ్మ పోయింది. నేను పోయేసరికి నాయిన గోడకు ఒరిగి ఉన్నడు, చిన్నాయిననే అన్ని సిద్ధం చేపిచ్చిండు. ఆ చిన్న రాయి పక్కనే గుంత తవ్వుతున్నరు. తెల్ల చీర, తెల్ల చేతి తొడుగులు, తెల్ల సాక్సులు కోస్గి నుంచి తెప్పిచ్చిండు. మా సంఘంల ఆడోళ్లను గట్లనే సాగదోలుతరు. వాకిట్ల నాలుగు దిక్కుల చీరలు కట్టి అమ్మకు ఆఖరు నీళ్లు పోయనీకి పెట్టిండ్రు. లోపల నేను, ఇద్దరు ముగ్గురు ఆడోళ్లు. బయట అయ్యగారు, చిన్నాయిన, పాటలు. నేను బకెట్ల మోచెయ్యి ముంచి చూసిన. ఎందుకు చూసిన్నో తెల్వదు. చచ్చిపోయిన మనిషికి వేడి ఏంది, చల్లన ఏంది?

అప్పుడు చీర పక్కకు జరిపి గొర్లోళ్ల అవ్వ లోపలికొచ్చింది. జన్మల మా వాకిలి తొక్కని మనిషి. రొండిల నుంచి పసుపు పొట్లం తీసింది.

"నా ఇంట్ల నలుగురికి నీళ్లు పోసింది బిడ్డా. ఒట్టి కాళ్లతోని ఎట్ల పంపుత? జర రాయనియ్యి."

చెంబు నా చేతిల ఉన్నది. చీర అవతల చిన్నాయిన గొంతు ఇనపడుతాంది. పసుపు కాళ్లు కనపడితె గుంత తవ్వుడు ఆపుతరు, వాగు దిక్కు తిప్పుతరు. అమ్మ జన్మంత అడిగిన ఒక్క జాగ పోతది. ఒద్దంటె, నేను ఎవరి చేతులను ఒద్దంటున్న? మా అమ్మ నోటితోని ఒద్దనలేకపోయిన చేతులనే గద. ఎటూ కదలనీకి లేకుండె. నా పక్కనున్న ఆడోళ్లు నా ముఖం చూసి తలలు ఎనక్కు తిప్పుకున్నరు.

"జల్ది రాయి అవ్వా" అన్న.

ఆమె ఆ తడి నేల మీదనే కూలబడ్డది. అమ్మ పాదాలు ఒళ్లె పెట్టుకొని, కాలి వేళ్ల నుంచి మడిమెల దాక రాసింది. ఏడుపు బయటికి రాకుండ కొంగు నోట్ల కుక్కుకొని రాసింది. వీలైనంత సేపు ఆమెను ఆ కాళ్లు చూసుకోనిచ్చి, తర్వాత నేను నీళ్లు పోసిన. ఇటుక ముక్క తీస్కొని రుద్దిన. పైన ఉన్నది పోయింది. పగుళ్లల్ల ఉన్నది పోలే. ఎంత రుద్దినా పోలే. చనిపోయిన తల్లి కాళ్లను గంత గట్టిగ రుద్దుతున్న నా చేతులను చూసుకుంటె నాకే అసహ్యమేసింది.

"అయ్యిందా బిడ్డా?" బయటికెల్లి చిన్నాయిన అడిగిండు.

సాక్సులు తొడిగిన. మడిమెల కాడ సాఫ్‌గ గుంజిన. "అయ్యింది చిన్నాయినా" అన్న.

సమాధి కాడ జనం మస్తుగ ఉన్నరు. గోడ అవతల గొర్లోళ్ల అవ్వ, ఆమె ఎనక ఇంకొందరు ఆడోళ్లు, చంకల పిల్లలతోని నిలబడ్డరు. లోపలికి ఎవరు రమ్మనలే, వాళ్లు రాలే. అయ్యగారు పెద్ద గొంతుతోని వాక్యం చెప్పిండు. ఆయన కండ్లల్ల నిజంగనే నీళ్లున్నయ్. "మన తల్లి ఒకప్పుడు నులివెచ్చగ ఉండె. ప్రభువు కోసం ఇటా అటా తేల్చుకున్నది. ఆఖరు దాక వేడిగ నిలబడ్డది. ఆమెను చూసి నేర్చుకోండ్రి" అన్నడు.

నా ఒళ్లంత భగ్గుమన్నది. కాదు అని అరవాలె. మా అమ్మ తేల్చుకోలే, మీరు తేల్చిండ్రు అనాలె. గని పెట్టె తాళ్ల మీద ఉన్నది, మెల్లగ ఆ చిన్న రాయి పక్కకు దించుతున్నరు, ఇంకా నేలకు తగల్లే. తెల్ల సాక్సుల లోపల ఆమె మడిమెలు పచ్చగ ఉన్నయ్. నోరు తెరిస్తె ఆ తాళ్లు ఆగుతయ్.

అందరు ఆమెన్ అన్నరు. నేను కూడ అన్న.